మ్రొక్కుబడియు సాధనయు

దేవునియందు భక్తి గలవానికిఁ గళ తనంతఁ దానే పట్టువడునని మనలోఁ బలువురు నమ్ముచుందురు. దైవమును గూర్చిన పాట యెట్లున్నను మంచిదే యనియు, గుడిముందు ఆడిన యాటలోఁ దప్పు లెన్నరాదనియు ననుచుందురు. దీనికి మాఱుగా, భక్తి కళకు సంకెల యనియు, కళావేత్త పెరుగవలెనన్నచో నిష్ఠలను నియమములను విడిచిపెట్టవలెననియు వాదించువారును నేఁటి విద్యావంతులలోఁ గలరు. రెండు పక్షములయందును గొంత సత్యము గలదు. రెండింటను గొంత పొరపాటును గలదు. ఈ విషయమును విచారించుటకు దూరదేశముల కరుగవలసిన పని లేదు. విజయవాడనుండి బందరు త్రోవఁ బట్టి కంకిపాడు, ఉయ్యూరు దాఁటి, పామఱ్ఱులోఁ జల్లపల్లి దారికి మఱలినచో నెదురగు కూచిపూడి గ్రామమే యిందులకుఁ జాలినంత సాక్ష్యము. ఒక మ్రొక్కుబడి యొక యూరిని నాట్యమునకు నిలయముగాఁ జేసిన చరిత్ర మచ్చటఁ గలదు. ఆ మ్రొక్కుబడి కళ కేమి యొసఁగినదో, యేమి యొసఁగఁజాలకపోయినదో చూతము.

కృష్ణానది కడలిఁ గలియు ఈ సీమలో భక్తి కవిత్వముగా మాఱిన కథలు మఱికొన్ని గలవు. ఉత్తరాంధ్రమున జిల్లాకుఁ బేరైన శ్రీకాకుళము గాక, యీ కృష్ణాతీరమునందే ఆంధ్రమహావిష్ణువు వెలసిన శ్రీకాకుళ మొకటి గలదు. శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రలో విజయవాడయందుఁ గొన్ని దినములు విడిసి, పిదప నా శ్రీకాకుళమున హరివాసరోపవాస ముండఁగా, ఆ రాత్రి స్వప్నమున స్వామి కనఁబడి గోదాదేవి పరిణయకథను దెలుఁగున రచింపుమని యానతిచ్చెనని ఆముక్తమాల్యద యవతారిక చెప్పుచున్నది. కల యొక రాత్రి వచ్చినది. కాని యా కావ్యమునందలి పల్లెల వానకాలము, ఆ రాజనీతి, ఆ లోకజ్ఞానము ఒక రాత్రిలో సమకూడినవి కావు. కూచిపూడికిఁ బొరుగూరైన మొవ్వలోని గోపాలుని పేర ముద్ర వేసి పదములు రచించిన క్షేత్రయ్య 17వ శతాబ్దమువాఁడు. మధుర తిరుమల నాయకుని కొలువునను, తంజావూరి విజయరాఘవ నాయకుని కొలువునను, గోలకొండ పాదుషా కొలువునను వేలకొలఁది పదములు చెప్పితినని యొక పదమున లెక్క చెప్పుకొన్నాఁడు. నేఁడు మనకు దొరకుచున్నవి కొన్ని వందలు మాత్రమే. స్వామి యొక్కఁడే యైనను, ఆ స్వామిని వలచిన నాయికల మనోభావముల నన్ని విధముల నూహింపఁగలుగుట యతని కళ. ప్రేరణము దైవదత్తమని మనము నమ్మవచ్చును. ఆ వైవిధ్యము మాత్రము లోకమును గనిపెట్టి చూచినందువలన వచ్చినది.

ఇఁక కూచిపూడి మాట. సిద్ధేంద్రయోగి కాలమును గూర్చి చరిత్రకారు లేకాభిప్రాయులు కారు. శ్రీకృష్ణలీలాతరంగిణి రచించిన నారాయణతీర్థుల శిష్యుఁడని సంప్రదాయము. భార్యను జూడఁబోవుచుండఁగా ఏఱు పొంగి ప్రాణాపాయము వాటిల్లుటయు, అతఁ డాపత్సన్న్యాసము స్వీకరించి బయటపడి పిదప సంసారమును విడుచుటయుఁ గథగాఁ జెప్పుదురు. అతఁడు భామాకలాపమును రచించి, కూచిపూడి బ్రాహ్మణబాలురకు నేర్పి, ఆ కుటుంబములలోఁ బుట్టిన ప్రతి మగవాఁడును జీవితమున నొక్కసారియైనను సత్యభామ వేషము ధరించి యాడవలెనని మాట తీసికొనెనందురు. ఈ కథలోఁ జరిత్ర మెంతయో, కల్పన మెంతయో విడఁదీయుట కష్టము. నియమము మాత్రము తరతరములుగా నా యూరిలో నిలిచినది.

ఈ నియమమునందలి వివేకము గమనింపఁదగినది. అది నేర్పు గలవానిని మాత్రమే యడుగలేదు, అందఱి నడిగినది. అందువలన ఊరిలోఁ బుట్టిన ప్రతి బాలుఁడును కాలికి గజ్జె కట్టవలసివచ్చెను. ఆడఁజాలనివాఁడు సైతము చూడనేర్చినవాఁ డయ్యెను. తాళము తప్పిన నొసలు ముడివేయు ప్రేక్షకులు ప్రతి యరుఁగుమీఁదను గూర్చున్న యూరిలో, కళావేత్త నిర్లక్ష్యముగా నాడుట కవకాశ మేది? మఱియు ఆ మ్రొక్కుబడి పురుషునిచే ధరింపఁజేసినది గర్వమును, అలుకయు, విరహమును గల యొక స్త్రీ వేషము. తనది కాని హృదయములోఁ బ్రవేశించి, తనది కాని దుఃఖమును దన దేహమున నిలుపుకొనుట యతని పరీక్ష. జీవాత్మ పరమాత్మకై పడు తపనయే యిందలి యంతరార్థమని పెద్దలు చెప్పుదురు. ఆ యర్థము ప్రేక్షకునకుఁ దోఁపవలెనన్న ముందుగా సత్యభామ సత్యభామగాఁ గనఁబడవలెను గదా.

ఆ కనఁబడుట యెంత కష్టసాధ్యమో ప్రవేశఘట్టమే తెలుపును. ఇద్దఱు తెర పట్టుకొని నిలుచుదురు. వెనుక సత్యభామ, ముందు కాగడాల వెలుఁగు. మంటలో గుగ్గిలపు పొడి చల్లఁగా భగ్గుమని వెలుతురు లేచును. అప్పుడు తెరపై నుండి పొడుగైన జడ యొకటి సభవైపు వ్రేలాడును. అది యలంకారము మాత్రమే గాదు, పందెము. నాట్యమునఁ గాని, సంగీతమునఁ గాని, శాస్త్రమునఁ గాని తన్ను మించినవా రెవరైన నున్నచో ముందునకు వచ్చి వాదించి యీ జడను గోయవచ్చునని దాని భావము. అట్టి పందెము వేయువాఁడు పాటను దానే పాడవలెను, మాటను దానే పలుకవలెను, జతికిఁ బాదమును, అర్థమునకుఁ గన్నులను ఒకే క్షణమున నప్పగింపవలెను. మాధవి వేషమున నెదుట నిలిచి ప్రశ్నించు సూత్రధారునకు సమయోచితముగా బదులు చెప్పవలెను. బాలాత్రిపురసుందరిని, రామలింగేశ్వరుని దలఁచి యాట మొదలుపెట్టినవాఁడే, ఆ వెంటనే తన విద్యను సభవారి పరీక్షకుఁ బెట్టుచున్నాఁడు! దేవుని యెదుట వినయము, సభ యెదుట బాధ్యత: ఈ రెండును గలిసిన చోటనే కూచిపూడి కళ పెరిగినది.

ఆ మేళములు ఊరి పొలిమేర దాఁటి పోయెడివి. వీరనరసింహరాయల కాలమునఁ గూచిపూడివారు విజయనగర సంస్థానమున కేఁగి, సిద్ధవటపు సంబెట గురవరాజు ధనమునకై స్త్రీలను హింసించుచుండిన తీరును వేషము గట్టి చూపఁగా, రాయలు విచారించి యతనిని శిక్షించెనని మాచుపల్లి కైఫీయతు తెలుపుచున్నది. తమ కళ దైవార్పితమని నమ్మినవారు ప్రజల కన్నీటిని రంగమునకు వెలియైన విషయముగాఁ దలఁపలేదు. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానాషా వీరి యాటను మెచ్చి గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని సంప్రదాయము. వైష్ణవకథను ముసల్మాను ప్రభువు మెచ్చుట మన చరిత్రమున మఱచిపోఁదగని విషయము. 1763 నాఁటి యాస్తివిభాగపత్రము వేదాంతము, వెంపటి, భాగవతుల, పసుమర్తి మున్నగు కుటుంబముల నడుమ ఆ గ్రామపు భూమి పంపకమైన సంగతిని దెలుపుచున్నది. కళకు భూమి తోడుపడినది. భూమికి వారసత్వము తోడైనది. ఇచ్చటనే చిక్కును మొదలయ్యెను.

మ్రొక్కుబడి యందఱి నడిగినదని చెప్పితిమి. ఆ యందఱు నెవరు? కొన్ని కుటుంబముల మగవారు మాత్రమే. ఆ యింటి యాఁడుబిడ్డలు సత్యభామ పాటలు వినుచుఁ బెరిగియు గజ్జె కట్టుటకు నోచుకొనలేదు. మఱియొక వంక, తీరాంధ్రమునఁ గళావంతుల స్త్రీలు భామాకలాపమును, గొల్లకలాపమును దమ బాణిలో రక్షించుచుండిరి. వారి విద్యను లోకము చూచి యానందించెను. వారి బ్రతుకును మాత్రము గౌరవింపలేదు. వీరేశలింగము పంతులుగారును, బందరున జన్మించిన రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారును భోగము మేళములను గర్హించి చేసిన యుద్యమము స్త్రీలను విక్రయవస్తువులుగాఁ జూచు దురాచారముపైఁ జేసిన యుద్ధము. స్త్రీలను దేవాలయముల కర్పించుటను నిషేధించుచు 1947లో మదరాసు రాష్ట్రమున శాసనము వచ్చినది. దురాచారము పోవుట న్యాయమే. కాని దానితోపాటు ఆ స్త్రీల యెఱుకలో నిలిచిన యభినయవిద్యకు ఆదరము పోయినది; వారికి వేఱొక గౌరవస్థానమును జూపవలసిన బాధ్యతను సంఘము చాలవఱకు మఱచినది. సంస్కారాభిమానులమైన మన మొప్పుకొనవలసిన లోప మిది. రోగముతోపాటు రోగిని గూడ నింటినుండి వెడలఁగొట్టుట వైద్యము గానేరదు.

మ్రొక్కుబడి వలనఁ గళ నిలుచుట, ఆ మ్రొక్కుబడియే కొందఱికి గోడ యగుట మన దేశమునందు మాత్రమే జరిగినది కాదు. జర్మనీలోని బవేరియా ప్రాంతమున ఓబరామర్‌గౌ అను పల్లె గలదు. 1633లో మహామారి సోఁకఁగా, తమ్ము బ్రదికించినచో క్రీస్తు శ్రమలను నాటకముగాఁ గాలక్రమమున నాడుచుందుమని యా పల్లెవారు మ్రొక్కుకొనిరి. 1634లో మొదట నాడిరి. పిదప నది పదియేండ్ల కొకసారి జరుగు వాడుకగా స్థిరపడినది. ఊరిలోఁ బుట్టినవారికిఁ గాని, యిరువది యేండ్లు నివసించినవారికిఁ గాని తప్ప వేషము లేదు. పెండ్లియైన స్త్రీలకును, ముప్పదియైదేండ్లు దాఁటిన స్త్రీలకును ప్రవేశము లేకుండెను; 1990లో న్యాయస్థానపు తీర్పు వలన నా నిషేధము తొలఁగెను. యూదులను నిందించునట్లుండిన నాటకభాగములును క్రమముగా సంస్కరింపఁబడినవి. ఇన్ని మార్పులు చేసినందున మ్రొక్కుబడి చెడలేదు. 2020లో ప్రపంచవ్యాధి వలన నిలిచిపోయిన ప్రదర్శనమును 2022లో నడిపి తమ మాటను జెల్లించుకొనిరి. మ్రొక్కుబడి యక్షరమును సవరించి యాత్మను గాపాడుకొనవచ్చునని యా పల్లె చూపినది.

కూచిపూడియందును అక్షరమును దాఁటినవారు ఆ యూరి భక్తులే యగుట విశేషము. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారు కట్టుబాటును దాఁటి స్త్రీలకు నాట్యమును నేర్పిరి. మేళముతో నాడు నాటకములోని విద్యను ఒక్కరే నిలిచి యాడఁదగిన రీతిగాఁ దీర్చిరి. ఏలూరు న్యాయవాదియు నటుఁడునగు బందా కనకలింగేశ్వరరావుగారు కూచిపూడి పక్షమున వాదించిరి. ఆ గ్రామమున సిద్ధేంద్ర కళాక్షేత్ర స్థాపనమునకు వారి కృషియే ముఖ్యము. వెంపటి చినసత్యముగారు 1929లోఁ గూచిపూడిలో జన్మించి, యౌవనమున మదరాసు చేరి, 1963లోఁ గూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి. శ్రీకృష్ణపారిజాతము, పద్మావతీ శ్రీనివాస కల్యాణము మున్నగు నృత్యనాటకములను గూర్చి, సత్యభామ వేషమును స్త్రీల కప్పగించిరి. వారి శిష్యురాలు శోభానాయుఁడుగారి సత్యభామను జూచినవారికి, ఈ వేషము స్త్రీకిఁ దగునా యను ప్రశ్నయే వింతగాఁ దోఁచెడిది.

అట్లని పాత దారి వ్యర్థమని తలఁపరాదు. ఆ కాలముననే వేదాంతము సత్యనారాయణశర్మగారు స్త్రీవేషమును బురుషుఁడు ధరించు సంప్రదాయమును శిఖరమున కెత్తిరి. 1961లో సంగీత నాటక అకాడమి పురస్కారమును, 1970లోఁ బద్మశ్రీయును వారిని వరించినవి. మ్రొక్కుబడి ప్రకారము సత్యభామగా నొక్కసారి యాడినఁ జాలును; వారు జీవితమంతయు నాడిరి. ఆ యూరిలోఁ బుట్టిన వేలమందికిని మ్రొక్కుబడి యొక్కటే. అందులోఁ గొందఱు మాత్రమే లోకము స్మరించు కళావేత్త లైరి. భేద మెచ్చట నున్నది? చెల్లించి లేచిపోయినవారికిని, చెల్లించినను ఋణము తీఱలేదని తలఁచినవారికిని గల భేదమే యది. చినసత్యముగారును, సత్యనారాయణశర్మగారును ఇరువురు 2012లోనే స్వర్గస్థులైరి. ఒకరు వేషమును పరులకుఁ బంచి పెరిగిరి. ఒకరు వేషమునందే మునిఁగి పెరిగిరి. దారులు రెండైనను వెనుకటి నిష్ఠ యొక్కటే.

నేఁటి గృహస్థులకు నీ చరిత్రముతోఁ బని గలదు. 2016 డిసెంబరులో విజయవాడలో జరిగిన యంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనమున ఆఱువేలకు మించిన నర్తకు లొక్కమాఱుగా నాడిరి. ఒకనాఁడు కొన్ని కుటుంబముల బాలురకుఁ బరిమితమైన విద్య యిన్నివేలమంది కందినందుకు సంతోషింపవలసినదే. కాని మన యిండ్లలో జరుగుచున్న దేమి? బిడ్డ కైదాఱేండ్లు నాట్యము చెప్పించి, ఘనముగా రంగప్రవేశము జరిపి, చిత్రములు తీయించుకొని, మఱునాఁడే గజ్జెలను పెట్టెలోఁ బెట్టుచున్నాము. జీవితమున నొక్కసారి యను పాత నియమమును మనము వేఱొక రూపమున నవలంబించినట్లే యున్నది. పాతవారికైనను ఆ యొక్కసారికి వెనుక నూరంతయు గురువై యుండెను; మనకు వెనుక సన్మానపత్రము మాత్రమున్నది.

తల్లిదండ్రులు చేయవలసినవి గొప్ప పనులు కావు. బిడ్డ యాడు పదమున కర్థ మేమని యడుగుఁడు. అర్థము తెలియక కన్నులు త్రిప్పుచున్నచో, తెలిసినదాఁక రంగ మెక్కింపకుఁడు. దేవునిపాట కదా యని తాళము తప్పినను మెచ్చుకొనకుఁడు. దేవుని కర్పించు పూవును మనము ఏఱి కోయుదుము గదా. ఇంటిలో మగపిల్లవానికిఁ గోరిక యున్నచో నవ్వకుఁడు; సత్యభామకుఁ దొలుత నభినయము నేర్చినవాఁడు మగపిల్లవాఁడే యని కూచిపూడివారు చెప్పుదురు. పనిమనిషి బిడ్డ తలుపుచాటున నిలిచి చూచుచున్నచో లోపలికిఁ బిలువుఁడు. మ్రొక్కుబడి కళకు నీడ నిచ్చినది. ఆ నీడ యెవరెవరిమీఁదఁ బడవలెనో నిర్ణయించుట మన చేతనున్నది.

భక్తి కళకుఁ జాలునా యని మొదట నడిగితిమి. తెరమీఁది జడయే యందులకు సమాధానము. భక్తుఁడు దానిని దైవమునకుఁ జూపి ఊరకుండలేదు. పరీక్షింపుఁడని లోకము ముందు వ్రేలాడఁదీసెను. తన నమ్మకమును సాధనచేఁ బరీక్షకు నిలుపఁగల ధైర్యమున్నంత కాలము ఆ జడను గోయఁగలవా రుండరు.