హ్రస్వదృష్టి: అచ్చు పుటా, తెరా, కంటి ఫోకస్

హ్రస్వదృష్టి (వాడుకలో ‘సైటు’, ‘మైనస్ పవర్’) ఉన్న కంట్లో దూరపు వస్తువు నుంచి వచ్చే వెలుగు రెటీనాకు ముందే కేంద్రీకృతమవుతుంది. చాలామందిలో ఇందుకు కారణం కనుగుడ్డు పొడవు పెరగడం. దగ్గరి వస్తువును చూడాలంటే సిలియరీ కండరం బిగుసుకోవాలి. అప్పుడు కటకాన్ని పట్టి ఉంచే తంతువులు వదులై కటకం ఉబ్బుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ 1855లో వివరించిన ఈ పనిని ‘సర్దుబాటు’ అంటారు.

కంటికి పడే శ్రమ ఎంతో చదివే దూరమే చెబుతుంది. 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకానికి 2.5 డయాప్టర్ల (కటక శక్తికి కొలత) సర్దుబాటు కావాలి. ఫోను 25 సెంటీమీటర్లకు వస్తే అది 4కు పెరుగుతుంది. బల్ల మీది మానిటర్ 66 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 1.5 చాలు, అంటే పుస్తకం కంటే తేలిక. తెరలన్నిటినీ ఒకే గాటన కట్టేవారు ఈ లెక్క చూడరు.

మైనస్ 3 పవర్ ఉన్న మనిషి అద్దాలు తీసేస్తే 33 సెంటీమీటర్ల దూరంలోని అక్షరాలు సర్దుబాటు లేకుండానే కనబడతాయి. చత్వారం వచ్చాక ఇలాంటివారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి పేపరు చదివేది ఇందుకే. జోడు పెట్టుకుని చదివితే మాత్రం సర్దుబాటు తప్పదు. కాంటాక్ట్ లెన్సులతో అది ఇంకాస్త ఎక్కువ.

దగ్గరగా చూసేటప్పుడు అవసరమైన దానికంటే కొంచెం తక్కువ సర్దుబాటుతో కన్ను సరిపెట్టుకోవడం మామూలే. మైనస్ అద్దాలతో మసక కల్పించి చూస్తే హ్రస్వదృష్టి పిల్లల్లో ఈ లోటు ఎక్కువని 1993లో జేన్ గ్వియాజ్డా బృందం చూపింది. లోటు ఉన్నప్పుడు బింబం రెటీనా వెనక్కి జారుతుంది, దాంతో కన్ను పొడుగవుతుందని అనుమానం. అయితే అమెరికాలో 469 మంది పిల్లలతో జరిగిన ‘కామెట్’ పరీక్షలో దగ్గరి చూపుకు సర్దుబాటు భారం తగ్గించే ప్రోగ్రెసివ్ అద్దాల వల్ల మూడేళ్లలో హ్రస్వదృష్టి పెరుగుదలలో వచ్చిన తేడా 0.20 డయాప్టర్లే. లోటు ఒక్కదానిమీదే నేరం మోపడానికి ఇది చాలదు.

అచ్చు అక్షరానికి అంచు పదునుగా ఉంటుంది. పాత సీఆర్‌టీ తెరల మీద అంచు చెదిరి కనిపించేది. నేటి సన్నని పిక్సెళ్ల తెరల్లో ఆ తేడా స్వల్పం. తెర ముందు అసలు ఇబ్బంది రెప్పలది. రెప్పపాట్లు తగ్గి, వేసినవి కూడా సగంలోనే ఆగడంతో కన్నీటి పొర ఆరి చూపు మసకబారుతుంది. అది ఫోకస్ లోపం కాదు, అయినా పవర్ పెరిగిందనుకుని అద్దాల షాపుకు వెళ్లేవారున్నారు.

జర్మనీలోని ట్యూబింగెన్‌లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం కాగితమా, తెరా అన్న ప్రశ్ననే మార్చింది. గంటసేపు తెల్లని నేపథ్యంపై నల్లటి అక్షరాలు చదివితే రెటీనా వెనుక ఉండే కోరాయిడ్ పొర సుమారు 16 మైక్రాన్లు పలచబడింది (ఇది కన్ను పొడుగయ్యే దిశకు సూచనగా భావిస్తారు). నల్లని నేపథ్యంపై తెల్లటి అక్షరాలు చదివితే సుమారు 10 మైక్రాన్లు మందమైంది. పరీక్షించింది కొద్దిమందినే. ఈ ఫలితం నిలబడితే తెల్లకాగితంపై నల్లని అచ్చుకూ వర్తిస్తుంది.

తెరలు లేని 1860ల్లోనే బ్రెస్లావులో హెర్మన్ కోన్ 10,060 మంది బడిపిల్లల కళ్లు పరీక్షించి, పైతరగతులకు వెళ్లేకొద్దీ హ్రస్వదృష్టి పెరగడం గమనించాడు. చదువుతోపాటు ఆరుబయట గడిపే సమయమూ లెక్కలోకి వస్తుంది: 2015లో వెలువడిన గ్వాంగ్‌ఝౌ పరీక్షలో బడి రోజుల్లో 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, మిగతావారిలో 39.5 శాతం.