సింథసైజర్ శబ్దగ్రహణం

సింథసైజర్ శబ్దగ్రహణం అంటే సింథసైజర్ అనే విద్యుత్ వాద్యం ఉత్పత్తి చేసే ధ్వని సంకేతాన్ని కంప్యూటరులోని రికార్డింగు సాఫ్ట్‌వేరుకు చేర్చి భద్రపరచే ప్రక్రియ. వీణ, వేణువు వంటి వాద్యాల ధ్వనిని గ్రహించడానికి మైక్రోఫోను కావాలి. సింథసైజరులో ధ్వని మొదటినుండి విద్యుత్ సంకేతంగానే ఉంటుంది కాబట్టి దానిని తీగ ద్వారా నేరుగా కంప్యూటరుకు పంపవచ్చు.

మిడి, ఆడియో - భేదం

సింథసైజరును కంప్యూటరుకు రెండు రకాలుగా కలుపుతారు. ఈ రెండింటి మధ్య భేదం తెలియకపోవడం వల్లనే ఎక్కువమంది విద్యార్థులు మొదట్లో ఇబ్బంది పడతారు.

మిడి అనేది 1983లో అమలులోకి వచ్చిన ప్రమాణం. దీని రూపకల్పనలో డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి ముఖ్యులు. ఈ కృషికి వీరిద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం లభించింది. మిడి తీగలో ధ్వని ప్రవహించదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సూచనలు మాత్రమే సెకనుకు 31,250 బిట్ల వేగంతో ప్రయాణిస్తాయి. మిడిని స్వరలిపితోను, ఆడియోను గానంతోను పోల్చవచ్చు.

అందువల్ల మిడి తీగ ఒక్కటే కలిపితే సాఫ్ట్‌వేరులో స్వరాలు నమోదవుతాయి గాని వాద్యం ధ్వని వినబడదు. ధ్వని కోసం ఆడియో మార్గాన్ని విడిగా ఏర్పరచాలి. కొన్ని కొత్త వాద్యాలలో ఒకే యూఎస్‌బీ తీగ రెండింటినీ మోసుకుపోతుంది. అన్నింటిలోనూ ఈ సౌకర్యం ఉండదు.

అనుసంధానం

సింథసైజర్ వెనుక భాగంలోని అవుట్‌పుట్ నుండి 6.35 మి.మీ. జాక్ గల తీగను ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పరికరంలోని లైన్ ఇన్‌పుట్‌కు కలుపుతారు. స్టీరియో ధ్వనికి ఎడమ, కుడి అవుట్‌పుట్‌లకు రెండు తీగలు కావాలి. లైన్ సంకేతం వృత్తి పరికరాలలో సుమారు 1.23 వోల్టులు, గృహ పరికరాలలో సుమారు 0.32 వోల్టులు ఉంటుంది. మైక్రోఫోను సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. అందుచేత సింథసైజరును మైక్రోఫోను ఇన్‌పుట్‌కు కలిపితే ధ్వని చెదిరిపోయే అవకాశం ఉంది.

తరువాత సాఫ్ట్‌వేరులో ఒక ఆడియో ట్రాకును తెరచి, దానికి ఆ ఇన్‌పుట్‌ను ఎంచుకొని, రికార్డింగుకు సిద్ధపరుస్తారు.

అంకీకరణ

ఇంటర్‌ఫేస్ విద్యుత్ సంకేతాన్ని అంకెలుగా మారుస్తుంది. సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలు తీసుకోవడం సాధారణం. ఒక్కొక్క నమూనాను 24 బిట్లలో నమోదు చేయడం మేలు. 48,000 నమూనాలు, 24 బిట్ల చొప్పున ఒక నిమిషం స్టీరియో ధ్వనికి దాదాపు 17 మెగాబైట్ల స్థలం పడుతుంది.

డిజిటల్ కొలమానంలో గరిష్ఠ స్థాయి 0 డెసిబెల్. దానిని దాటిన తరంగపు శిఖరాలు తెగిపోతాయి. వాటిని తరువాత సరిచేయడం కష్టం. కనుక శిఖరాలు −12 నుండి −6 డెసిబెళ్ళ మధ్య ఉండేటట్లు చూసుకుంటారు.

జాప్యం

కంప్యూటరు నమూనాలను కొన్ని కొన్నిగా పోగుచేసి చదువుతుంది. ఈ పోగును బఫర్ అంటారు. సెకనుకు 44,100 నమూనాల వద్ద 128 నమూనాల బఫర్ వల్ల సుమారు 2.9 మిల్లీసెకన్లు, 1,024 నమూనాల బఫర్ వల్ల సుమారు 23 మిల్లీసెకన్ల ఆలస్యం కలుగుతుంది. ధ్వని లోనికి వచ్చేటప్పుడు, తిరిగి బయటికి వెళ్ళేటప్పుడు కూడా ఈ ఆలస్యం ఉంటుంది. విండోస్‌లో ఏసియో, మ్యాక్‌లో కోర్ ఆడియో, లైనక్స్‌లో జాక్ వంటి వ్యవస్థలు దీనిని తగ్గిస్తాయి. ఇంటర్‌ఫేస్ నుండే నేరుగా వినే సదుపాయం ఉంటే వాయించేవారికి జాప్యం దాదాపు తెలియదు.

సాధారణ సమస్యలు

* ప్రతి స్వరం రెండుసార్లు పలకడం: మెట్టు నొక్కినపుడు వాద్యం ఒకసారి, సాఫ్ట్‌వేరు నుండి తిరిగివచ్చిన మిడి సూచనకు మరొకసారి పలుకుతుంది. వాద్యంలో "లోకల్ కంట్రోల్"ను ఆపివేస్తే ఇది పోతుంది.
* గుంయ్‌మనే శబ్దం: వాద్యం, కంప్యూటరు వేర్వేరు చోట్ల ఎర్త్ అయినపుడు భారతదేశంలో 50 హెర్ట్‌జ్, దాని గుణిజాల వద్ద వినబడుతుంది. రెండింటినీ ఒకే విద్యుత్ బోర్డుకు కలపడం, సమతుల్య తీగలు వాడడం దీనికి పరిష్కారాలు. ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తొలగించడం ప్రాణాపాయం.

భద్రపరచడంలో ప్రాముఖ్యం

మిడి రూపంలో ఉన్న రచనలో తప్పు స్వరాన్ని సులభంగా సరిదిద్దవచ్చు. కాని ఆ ధ్వని మళ్ళీ వినాలంటే అదే వాద్యం, అదే అమరికతో ఉండాలి. 1983లో వెలువడిన యమహా డీఎక్స్7 వంటి వాద్యాలలో వాదకుడు కూర్చుకున్న ధ్వనులు లోపలి బ్యాటరీ ఆధారంగా నిలిచి ఉంటాయి. బ్యాటరీ అయిపోతే అవి చెరిగిపోతాయి. అప్పుడు మిడి ఫైలులో స్వరాలు మిగులుతాయి గాని నాదం మిగలదు. అందుచేత మిడితో పాటు ఆడియోను కూడా నమోదు చేసి, రెండింటినీ దాచుకోవడం శ్రేయస్కరం.

ఇవి కూడా చూడండి

* సింథసైజర్
* మిడి
* శబ్దగ్రహణం