ఓబర్‌హౌజెన్ లఘు చిత్రోత్సవం

జర్మనీ పశ్చిమాన, రూర్ పారిశ్రామిక ప్రాంతంలోని ఓబర్‌హౌజెన్ నగరంలో ఏటా జరిగే అంతర్జాతీయ ఉత్సవం ఇది. 1954లో మొదలైంది. ప్రపంచంలో కేవలం పొట్టి సినిమాల కోసం నడుస్తున్న ఉత్సవాల్లో అతి పాతవాటిలో ఒకటి. 1962లో 26 మంది యువ దర్శకులు ఇక్కడ చదివిన ప్రకటన జర్మన్ సినిమా దారినే మార్చింది. కొత్త దర్శకులకు బహుమతులిచ్చే ఉత్సవాలు చాలా ఉన్నాయి. ఆ దర్శకులు ఒకచోట చేరి, తమకేం కావాలో అధికారుల ముందు, పత్రికల ముందు గొంతెత్తి అడగడానికి చోటిచ్చినవి తక్కువ. ఓబర్‌హౌజెన్ చేసిన అసలు మేలు అదే.

పుట్టుక

ఓబర్‌హౌజెన్ బొగ్గు గనుల ఊరు, ఉక్కు కొలుముల ఊరు. సినిమా పరిశ్రమ మ్యూనిక్, బెర్లిన్, హాంబర్గ్ నగరాల్లో ఉండేది. ఇక్కడ ఒక్క స్టూడియో కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొమ్మిదేళ్లకు, స్థానిక వయోజన విద్యా కేంద్రం అధిపతిగా ఉన్న హిల్మర్ హోఫ్‌మన్ ఈ ఉత్సవాన్ని తలపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 29. సినిమాను చదువులో భాగంగా చూసిన మనిషి. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ నగర సాంస్కృతిక శాఖను రెండు దశాబ్దాల పాటు నడిపి, గోథే ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు కూడా అయ్యాడు. తొలి ఏడాది 45 చిత్రాలు చూపించారు. అప్పుడు దాని పేరు పశ్చిమ జర్మనీ సాంస్కృతిక చిత్ర దినాలు. లఘు చిత్రం అన్న మాట 1959లో పేరులోకి వచ్చింది.

ఆ రోజుల్లో పశ్చిమ జర్మనీలో పొట్టి సినిమాకు ఒక రకమైన గిరాకీ ఉండేది. వీస్‌బాడెన్‌లోని మదింపు మండలి ఏదైనా చిత్రానికి ‘విలువైనది’ లేదా ‘అత్యంత విలువైనది’ అని ముద్ర వేస్తే, దాన్ని ప్రధాన చిత్రంతో పాటు ప్రదర్శించిన థియేటర్‌కు వినోదపు పన్ను తగ్గేది. మన హాళ్లలో అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వార్తా చిత్రం వేసేవారు. అక్కడ కూడా ప్రేక్షకుడు అడగని పొట్టి సినిమా తెర మీద కనబడేది. మన దగ్గర అది లైసెన్సు షరతు, అక్కడ పన్ను లెక్క. ముద్ర పడాలంటే ఎవరినీ నొప్పించకూడదు గనుక కొండలు, చేతివృత్తులు, పాత కట్టడాలు, జంతువులు లాంటి భద్రమైన విషయాలే ఎక్కువగా తెరకెక్కాయి. కెమెరా పట్టడం నేర్చుకోవాలనుకున్న కుర్రాళ్లకు జీతం దొరికేది ఈ చిత్రాల్లోనే. తమ సినిమా తీయాలంటే మాత్రం దారి లేదు.

1958 నుంచి ‘పొరుగువారి దగ్గరికి దారి’ అన్నది ఉత్సవ నినాదమైంది. పొరుగువారంటే ముఖ్యంగా తూర్పు ఐరోపా వారు. ప్రచ్ఛన్న యుద్ధం ముదిరిన ఆ కాలంలో పోలండ్, చెకొస్లొవేకియా, హంగరీ, యుగోస్లావియాల లఘు చిత్రాలు పశ్చిమ జర్మనీ ప్రేక్షకులకు చేరిన ముఖ్యమైన తలుపుల్లో ఓబర్‌హౌజెన్ ఒకటి. పోలండ్‌లో చదువుకుంటున్న రోమన్ పొలాన్‌స్కీ తొలి పొట్టి సినిమాలు ఇక్కడి తెర మీద కూడా కనిపించాయి. దీన్ని ‘ఎర్ర ఉత్సవం’ అని తిట్టినవాళ్లున్నారు. పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లోని ప్రభుత్వానికి కూడా ఇది నచ్చలేదు. హోఫ్‌మన్ వెనక్కి తగ్గలేదు. జర్మన్ కుర్రాళ్లకు దీనివల్ల కలిగిన లాభం పెద్దది. ఇరుగుపొరుగు దేశాల్లో తమ వయసువాళ్లు పది నిమిషాల సినిమాలో ఎంత ధైర్యం చేస్తున్నారో వాళ్లు కళ్లారా చూశారు.

1962 ప్రకటన

1961 నాటికి పశ్చిమ జర్మనీ సినిమా చాలా దిగజారింది. 1956లో ఏడాదికి 81 కోట్లు దాటిన ప్రేక్షకుల సంఖ్య 1962 వచ్చేసరికి సుమారు 44 కోట్లకు పడిపోయింది. టెలివిజన్ ఇళ్లలోకి వచ్చేసింది. పెద్ద సినిమా సంస్థ ఊఫా కూలిపోతోంది. 1961లో ఉత్తమ కథాచిత్రానికి ఇచ్చే జాతీయ బహుమతికి తగిన సినిమా ఏదీ లేదని తేల్చారు. లఘు చిత్రాల సంగతి వేరు. కుర్రాళ్లు తీసిన పొట్టి సినిమాలు విదేశీ ఉత్సవాల్లో బహుమతులు తెస్తున్నాయి. 1961లో ఓబర్‌హౌజెన్‌లో చూపిన ‘రాతిలో క్రూరత్వం’ అలాంటి కుర్రాళ్ల సినిమాల్లో ఒకటి. అలెగ్జాండర్ క్లూగె, పీటర్ షమోని కలిసి తీశారు. న్యూరెంబర్గ్‌లో నాజీలు కట్టిన భవనాలను ఖాళీగా చూపిస్తూ, వాటి వెనక హిట్లర్ కాలపు గొంతులు వినిపిస్తారు. పన్నెండు నిమిషాల చిత్రం. గతాన్ని ఆ తీరుగా ఎదుర్కొన్న జర్మన్ కథాచిత్రం అప్పటికి దాదాపు లేదు.

మ్యూనిక్ దర్శకులు ఒక చైనీస్ రెస్టారెంట్‌లో కూడి ప్రకటన ముసాయిదా రాసుకున్నారు. 1962 ఫిబ్రవరి 28న, ఎనిమిదో ఉత్సవంలో, విలేఖరుల సమావేశంలో ఫెర్డినాండ్ ఖిట్ల్ దాన్ని చదివాడు. సంతకాలు పెట్టినవారిలో క్లూగె, షమోని, ఎడ్గార్ రైట్స్, హారో జెన్ఫ్ట్, హెర్బర్ట్ వెసెలీ ఉన్నారు. అది చిన్న పత్రం. లఘు చిత్రం కథాచిత్రానికి బడి అనీ, ప్రయోగశాల అనీ ఇతర దేశాల్లో రుజువైందని చెప్పారు. పరిశ్రమ అలవాట్ల నుంచి, పెట్టుబడిదారుల జోక్యం నుంచి, సంఘాల పెత్తనం నుంచి స్వేచ్ఛ కావాలన్నారు. ఆర్థిక నష్టాన్ని కలిసి భరించడానికి సిద్ధమన్నారు. పాత సినిమా చచ్చిపోయిందని తేల్చారు. ‘నాన్నల సినిమా’కు కాలం చెల్లిందన్న నినాదం అక్కడి నుంచే వ్యాపించింది. పరిశ్రమ పెద్దలు దీన్ని పిల్లకాయల సినిమా అని వెక్కిరించారు.

ఈ ప్రకటనను కళావేశంగా చూపడం సినిమా చరిత్రకారులకు అలవాటు. నిజానికి దాని వెన్నెముక లెక్కా పత్రం. వీళ్లు మూడు విషయాలు అడిగారు: దర్శకులకు శిక్షణ ఇచ్చే సంస్థ, తొలి కథాచిత్రానికి డబ్బు, లఘు చిత్రానికి నిలకడగా సాయం. అదే ఏడాది క్లూగె, రైట్స్ ఉల్మ్ డిజైన్ కళాశాలలో సినిమా విభాగం మొదలుపెట్టారు. బాన్‌లో మంత్రిత్వ శాఖల చుట్టూ మూడేళ్లు తిరిగాక, 1965లో యువ జర్మన్ చలనచిత్ర మండలి ఏర్పడింది. మూడేళ్లకు 50 లక్షల మార్కులు, అదీ వడ్డీ లేని అప్పుల రూపంలో. ఆ సొమ్ముతో సుమారు 20 తొలి చిత్రాలు వచ్చాయి. క్లూగె తీసిన ‘నిన్నటికి వీడ్కోలు’ 1966లో వెనిస్‌లో బహుమతి పొందింది. సంతకం పెట్టని వెర్నర్ హెర్జోగ్ కూడా తన తొలి కథాచిత్రం ‘జీవన చిహ్నాలు’కు ఆ మండలి సాయం పొందాడు. 26 మందిలో అందరూ గొప్ప దర్శకులు కాలేదు. కొందరు లఘు చిత్రాల్లోనే, టెలివిజన్‌లోనే ఉండిపోయారు. వాళ్లు తెరిచిన తలుపులోంచి వేరేవాళ్లు నడిచి వెళ్లారు. 26 మందిలో ఒక్క మహిళ కూడా లేకపోవడం మాత్రం ఆ తరం లోపం. దాన్ని దాచి ప్రకటనను పొగడకూడదు.

1968 గొడవ

1967లో వచ్చిన చలనచిత్ర ప్రోత్సాహక చట్టం కొత్తవాళ్ల ఆశల మీద నీళ్లు చల్లింది. అప్పటికే అయిదు లక్షల మార్కులు వసూలు చేసిన సినిమా నిర్మాతకే తర్వాతి సినిమాకు సాయం అందుతుందని చట్టం చెప్పింది. అంటే ఉన్నవాళ్లకే పెట్టడం. పైగా నైతికత పేరుతో ఒక నిబంధన. దీన్ని ఎగతాళి చేస్తూ హెల్‌ముట్ కోస్టార్డ్ ‘అత్యంత విలువైనది’ అనే పొట్టి సినిమా తీశాడు. అందులో పురుషాంగమే చట్టంలోని మాటలను వినిపిస్తుంది. 1968 ఉత్సవం నుంచి ఆ చిత్రాన్ని తప్పించారు. నిరసనగా జర్మన్ దర్శకుల్లో ఎక్కువమంది తమ సినిమాలు వెనక్కి తీసుకున్నారు.

ఉత్సవం అక్కడ తప్పు చేసింది. కొత్త గొంతులకు చోటిస్తానన్న సంస్థ చట్టానికి భయపడి ఒక గొంతును నొక్కితే, మిగతావాళ్లు లేచి వెళ్లిపోవడం న్యాయమే. అదే ఏడాది హెర్జోగ్ చిత్రం ‘చివరి మాటలు’ ఇక్కడ బహుమతి పొందింది. కుష్ఠు రోగులుండిన, క్రీట్ పక్కనున్న చిన్న దీవి నుంచి బలవంతంగా తీసుకొచ్చిన ఆఖరి మనిషి గురించిన పదమూడు నిమిషాల చిత్రమది. ఆ ఏడాది గురించి రాసినవాళ్లు గొడవనే చెప్పుకొచ్చారు గానీ, అంత విచిత్రమైన చిత్రాన్ని గుర్తించిన కన్ను కూడా ఆ ఉత్సవానిదే.

తర్వాతి కాలం

హోఫ్‌మన్ 1970లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిపోయాడు. 1978లో పిల్లల చిత్రాల పోటీ మొదలైంది. 1980ల రెండో సగంలో కరోలా గ్రామన్ నాయకత్వంలో ప్రయోగ చిత్రాలకు, మహిళల చిత్రాలకు చోటు పెరిగింది. ఇప్పటి పేరు 1991లో వచ్చింది. 1999లో మ్యూజిక్ వీడియోలకు ప్రత్యేక బహుమతి పెట్టారు. చిత్రోత్సవాల్లో అలాంటిది ప్రపంచంలోనే మొదటిది.

ఈ దశాబ్దాల్లో ఉత్సవం ఆలోచన ఒక ముఖ్యమైన చోట మారింది. 1962 కుర్రాళ్లు లఘు చిత్రాన్ని కథాచిత్రానికి మెట్టుగా చూశారు. తర్వాతి ఓబర్‌హౌజెన్ దాన్ని సొంత కాళ్ల మీద నిలబడే కళగా చూసింది. జీవితమంతా పొట్టి సినిమాలే తీసినవాళ్ల పనిని వరుసగా చూపే ప్రత్యేక ప్రదర్శనలు పెట్టింది. మన దగ్గర షార్ట్ ఫిల్మ్ అంటే నిర్మాతకు చూపించే విజిటింగ్ కార్డుగానే మిగిలింది. అందులోంచి మంచి దర్శకులు వచ్చిన మాట నిజమే. ‘పెళ్ళి చూపులు’ తరుణ్ భాస్కర్ లఘు చిత్రాల నుంచి వచ్చినవాడే. కానీ పెద్ద సినిమా అవకాశం రాగానే పొట్టి సినిమాను వదిలేయాల్సిందే అన్న భావన వల్ల ఆ కళ మనకు ఎదగలేదని నా అభిప్రాయం.

కొత్త దర్శకుడికి ఓబర్‌హౌజెన్‌లో దొరికేవి ఇవీ. లిష్ట్‌బుర్గ్ థియేటర్‌లో పెద్ద తెర, టికెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకులు, ఆట తర్వాత ముఖాముఖి చర్చ. ఇక్కడి ప్రేక్షకులు మొహమాటానికి మెచ్చుకోరని పేరు. పలు జ్యూరీలు ఉండటం వల్ల ఒకరికి నచ్చని చిత్రం మరొకరి కంట పడవచ్చు. ఇక్కడి పెద్ద బహుమతి గెలిచిన చిత్రం ఆస్కార్ లఘు చిత్ర విభాగం పరిశీలనకు అర్హత పొందుతుంది. అన్నిటికంటే విలువైనది భాండాగారం. 1950ల నుంచి పోగుచేసిన చిత్రాలను ఉత్సవం భద్రపరిచి, ఇతర దేశాల ప్రదర్శనలకు అద్దెకిస్తుంది. ఆ పనివల్లే 2012లో, ప్రకటనకు 50 ఏళ్లు నిండినప్పుడు, సంతకాలు పెట్టినవారి పాత చిత్రాలను మళ్లీ తెర మీదికి తేగలిగారు. ఈ ఖర్చులో ఎక్కువ భాగం నగర, రాష్ట్ర, సమాఖ్య ప్రభుత్వాలదే.

భారతదేశానికి దగ్గరి ఉదాహరణ పాయల్ కపాడియా. పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన ఆమె తీసిన ‘ద లాస్ట్ మ్యాంగో బిఫోర్ ద మాన్సూన్’ ఓబర్‌హౌజెన్‌లో అంతర్జాతీయ విమర్శకుల బహుమతి పొందింది. అప్పటికి ఆమె కథాచిత్రం తీయలేదు. 2024లో ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ కాన్‌లో గ్రాండ్ ప్రీ గెలిచాకే మన పత్రికలు ఆమె పేరు పతాక శీర్షికల్లో రాశాయి.

2020 మే నెలలో, కరోనా కాలంలో, ఉత్సవాన్ని రద్దు చేయకుండా అంతర్జాలంలో నడిపారు. 2023 అక్టోబర్‌లో అప్పటి అధిపతి లార్స్ హెన్రిక్ గాస్ ఇజ్రాయెల్‌కు సంఘీభావంగా బెర్లిన్‌లో జరిగిన సభకు రమ్మని పిలుపునిస్తూ పెట్టిన పోస్టు మీద బహిరంగ లేఖలు వచ్చాయి. కొందరు దర్శకులు తమ చిత్రాలను వెనక్కి తీసుకున్నారు. 1997 నుంచి ఉత్సవాన్ని నడిపిన గాస్ తర్వాత స్టుట్‌గార్ట్‌కు మారాడు. 2025 నుంచి ఇద్దరు మహిళలు కలిసి నడిపిస్తున్నారు.

ఓబర్‌హౌజెన్‌కు భాండాగారం ఉంది, తెలుగు లఘు చిత్రాలు మాత్రం ఎక్కువగా యూట్యూబ్‌లోనే బతుకుతున్నాయి. ఛానెల్ మూతపడితే సినిమా కూడా మాయమవుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పోటీలు పెట్టేవాళ్లు బహుమతి చెక్కుతో పాటు గెలిచిన ప్రతి చిత్రం మంచి ప్రతిని ఒకచోట దాచి, అడిగినవాళ్లకు చూపించే ఏర్పాటు ఇప్పటి నుంచే చేయాలి.