భవన అనుమతి అధికార సంస్థలు (న్యూజిలాండ్)

న్యూజిలాండ్‌లో భవనాల ప్లాన్లు పరిశీలించి అనుమతులిచ్చే, పనులు తనిఖీ చేసే సంస్థలు. ఎక్కువగా నగర, జిల్లా కౌన్సిళ్లే. 1990లలో కట్టిన వేలాది ఇళ్ల గోడల్లోకి వాననీరు దిగి చెక్క చట్రాలు కుళ్లిపోయాయి. ఆ అనుభవంతో వచ్చిన 2004 భవన చట్టం అనుమతులిచ్చేవారికీ పరీక్ష పెట్టింది. 2006 నిబంధనల ప్రకారం సిబ్బంది సామర్థ్యం, రాతపూర్వక విధానాలు, రికార్డులు సరిగా ఉన్నాయని తేలితే ఇంటర్నేషనల్ అక్రెడిటేషన్ న్యూజిలాండ్ (ఐఏఎన్‌జెడ్) అనే సంస్థ గుర్తింపునిస్తుంది. ఆపైనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్. మామూలుగా రెండేళ్లకోసారి మళ్లీ మదింపు. ఇది నామమాత్రపు తంతు కాదు. క్రైస్ట్‌చర్చ్‌ను కుదిపేసిన 2010-11 భూకంపాల తర్వాత పునర్నిర్మాణం ముమ్మరంగా సాగుతుండగానే, 2013 జులైలో ఆ నగర కౌన్సిల్ గుర్తింపు కోల్పోయింది. అనుమతులకు చట్టం విధించిన 20 పనిదినాల గడువును అది అందుకోలేకపోయింది. వ్యవస్థను చక్కదిద్దాక, 2014 డిసెంబరులో గుర్తింపు తిరిగి దక్కింది.