మేనమామ బుట్ట

మంట దగ్గరికి జరగండర్రా, మంచు కురుస్తోంది. మీ అమ్మకి మేనమామ ఉండేవాడంటే నిన్న నమ్మలేదుగా, వినండి.

నా తమ్ముడు. ఇంటికి ఒక్కడే మగపిల్లాడు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది చూశారూ, మిలటరీ మాధవరమంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సిపాయిల్ని పంపిన ఊరు. అక్కడి కుర్రాళ్ల వెంట తిరిగి తిరిగి వీడూ బెంగళూరెళ్లి మద్రాసు సాపర్లలో చేరాడు. వంతెనలు కట్టడం, మందుపాతరలు తియ్యడం వాళ్ల పని. సెలవుకొచ్చినప్పుడు పెరట్లో కత్తి మొన ఏటవాలుగా మట్టిలోకి దించి, కింద గట్టిగా తగిలితే చెయ్యి ఎలా ఆపాలో నాకు చూపించాడు. అన్నం పళ్లెం ముందు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లాడికి అంత నిదానం ఎక్కణ్ణించి వచ్చిందో!

1971 డిసెంబరులో యుద్ధం. శకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర నేలంతా మందుపాతరలే. మన ట్యాంకులు కదలాలంటే ముందు వీళ్లు దారి చెయ్యాలి. రాత్రిపూట, పైన గుళ్లు పడుతుండగా. పని సగంలో ఉండగానే అవతల పాకిస్తాన్ ట్యాంకులు వస్తున్నాయని తెలిసి మనవి ఆ దారినే దూసుకెళ్లాయి. పరమవీర చక్ర వచ్చిన అరుణ్ ఖేతర్‌పాల్ ఆ పోరులోనే పోయాడు, 21 ఏళ్లు. మావాడిదీ ఇంచుమించు అదే ఈడు. ఆ అబ్బాయి పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. దారి చేసినవాళ్ల పేర్లు మాత్రం ఇళ్లల్లోనే చెప్పుకోవాలి.

17వ తేదీ రాత్రి నుంచి కాల్పులు ఆగాయని రేడియోలో విన్నాం. సంక్రాంతికి వస్తాడని అమ్మ అరిసెలకి కొత్త బెల్లం తెప్పించింది. టెలిగ్రాం ఆ తర్వాత వచ్చింది.

శవం రాలేదు. కార్గిల్ యుద్ధం నాటికి గానీ సిపాయిల్ని ఇంటికి తీసుకురావడం మామూలు కాలేదు. అంతకుముందు అక్కడే దహనం. మాకు నల్ల ట్రంకు పెట్టె వచ్చింది, అందులో అమ్మ నా చేత రాయించిన ఉత్తరాలన్నీ ఉన్నాయి. మొహం చూడందే కర్మ చెయ్యనివ్వనంది అమ్మ. ఆయుధం వల్ల పోయినవాళ్లకి మహాలయ పక్షంలో చతుర్దశి ఉందని పురోహితుడు నచ్చజెప్పాక, ఎప్పటికో ఒప్పుకుంది.

పోనీ ఆ చోటైనా చూసొద్దామంటే, సిమ్లా ఒప్పందం తర్వాత ఆ నేల పాకిస్తాన్‌కి తిరిగిచ్చేశారు. ఇవ్వడం తప్పని నేననను, అక్కడా ఊళ్లున్నాయి, తల్లులున్నారు. కానీ ఆ కబురు విన్నరోజు నాన్న అన్నం ముట్టలేదు.

మీ అమ్మ పెళ్లిలో బుట్ట ఎవరు తెస్తారన్నారు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవాల్సింది మేనమామ కదా! వరసకి తమ్ముడయ్యే అతను తెచ్చాడు. బుట్ట ఎత్తేముందు నా వైపు తిరిగి, “వాడి బదులు మోస్తున్నానక్కా” అన్నాడు. శుభలేఖ మీద మాత్రం మేనమామగా నా తమ్ముడి పేరే వేయించాను. పోయినవాళ్ల పేరు అక్కడ ఉండకూడదని పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు చెప్పి చూశారు. నేను వినలేదు.