కమ్ అవే విత్ మీ: తొలి ఆల్బమ్‌పై శ్రోతల మాట

గాయని, పియానిస్టు నోరా జోన్స్ తొలి ఆల్బమ్ ‘కమ్ అవే విత్ మీ’ 2002 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైంది. నిర్మాతల్లో ముఖ్యుడు ఆరిఫ్ మార్డిన్.

హడావుడి లేకుండా మొదలైన ఈ రికార్డు, విన్నవాళ్లు మరొకరికి చెప్పగా చెప్పగా పుంజుకుని, 2003 జనవరిలో బిల్‌బోర్డ్ 200 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి నెలలో గ్రామీ ఉత్తమ ఆల్బమ్ పురస్కారం సహా నోరా అయిదు గ్రామీలు అందుకున్నారు.

అయినా అందరూ మెచ్చలేదు. ఈ ఆల్బమ్‌ను విడుదల చేసిన బ్లూ నోట్ అంటే జాజ్‌కు పేరుమోసిన రికార్డు సంస్థ. అక్కడినుంచి హ్యాంక్ విలియమ్స్ కంట్రీ పాట, జెస్సీ హారిస్ రాసిన ‘డోంట్ నో వై’ లాంటి పాప్ గీతం రావడం జాజ్ ఛాందసులకు మింగుడుపడలేదు. ఇది జాజేనా అని నిలదీశారు. మరికొందరికి నిద్రొచ్చింది: గురక పెట్టడాన్ని సూచించే ఇంగ్లీషు మాటతో ఆమె పేరును ‘స్నోరా’ జోన్స్‌గా మార్చి వెక్కిరించారు. ఎత్తిపొడుపు సరదాగానే ఉంది కానీ, అభిమానులు మెచ్చినదీ ఆ నెమ్మదినే. గొంతు పెంచకుండా, చెవిదగ్గర చెప్పినట్టు పాడటం, పియానోను పాటకు అడ్డు రానివ్వకపోవడం వారికి నచ్చాయి.

భారతీయ శ్రోతల ఆసక్తికి ఇంకో కారణముంది: ఆమె సితార్ విద్వాంసుడు రవిశంకర్ కుమార్తె. ఈ పాటల్లో సితార్ కోసం వెతికినవారికి మాత్రం నిరాశే.