జేమ్స్ బాండ్: హీరో మారిన ప్రతిసారీ ఏం జరిగింది?

1962 అక్టోబరులో లండన్‌లో 'డాక్టర్ నో' విడుదలైంది. అప్పటి నుంచి 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' వరకు ఈయాన్ ప్రొడక్షన్స్ సంస్థ 25 జేమ్స్ బాండ్ సినిమాలు తీసింది. ఇన్నేళ్లలో ఆ సినిమాల్లో బాండ్‌గా నటించింది ఆరుగురే. చివరి సినిమాలో బాండ్ చనిపోతాడు. అంతకుముందు ఐదుసార్లు కొత్త హీరో వచ్చినా ఇలాంటి పరిస్థితి ఎదురుకాలేదు. దానికి తోడు సిరీస్‌పై ఆరు దశాబ్దాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న సృజనాత్మక నియంత్రణ కూడా ఇప్పుడు చేతులు మారింది. ఏడో నటుడి ఎంపికపై ఇంత ఆసక్తి ఉండటానికి కారణం ఈ రెండు మార్పులే.

ఆరుగురు బాండ్‌లు

- షాన్ కానరీ: 1962-67 మధ్య 5 సినిమాలు, 1971లో మరొకటి
- జార్జ్ లేజన్‌బీ: 1969లో ఒక్క సినిమా
- రోజర్ మూర్: 1973-85 మధ్య 7 సినిమాలు
- టిమతీ డాల్టన్: 1987, 1989లో 2 సినిమాలు
- పియర్స్ బ్రాస్నన్: 1995-2002 మధ్య 4 సినిమాలు
- డేనియల్ క్రెయిగ్: 2006-21 మధ్య 5 సినిమాలు

1983లో కానరీ నటించిన 'నెవర్ సే నెవర్ ఎగైన్' వేరే నిర్మాతలు తీసిన సినిమా కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

మొదటి మార్పు నేర్పిన పాఠం

'యు ఓన్లీ లివ్ ట్వైస్' (1967) తర్వాత కానరీ తప్పుకున్నారు. నిర్మాతలు ఆల్బర్ట్ బ్రోకలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్ ఆస్ట్రేలియాకు చెందిన మోడల్ లేజన్‌బీని తీసుకున్నారు. సినిమా నటనలో ఆయనకు చెప్పుకోదగ్గ అనుభవం లేదు. 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' విడుదల కాకముందే, ఇక బాండ్ పాత్ర చేయనని ఆయన ప్రకటించారు. దాంతో నిర్మాతలు మళ్లీ కానరీ దగ్గరికే వెళ్లారు. 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' కోసం ఆయనకు 12.5 లక్షల డాలర్లు ఇచ్చారు. అప్పట్లో అది రికార్డు పారితోషికం. స్కాట్లాండ్‌లో విద్యాసంబంధ ట్రస్టు ఏర్పాటుకు కానరీ ఆ సొమ్మును వినియోగించారు.

ఆ తర్వాత ఎంపికలో నిర్మాతలు జాగ్రత్తపడ్డారు. 1973లో బాండ్‌గా వచ్చిన మూర్ అప్పటికే 'ది సెయింట్' టీవీ సిరీస్‌తో అందరికీ తెలిసిన నటుడు. ఆయన కానరీని అనుకరించలేదు. మొరటుతనం తగ్గి, హాస్యం పెరిగింది. కొత్త నటుడు పాత నటుడిలా ఉండనక్కర్లేదని మూర్ విజయం నిరూపించింది.

ముఖం మారినా మనిషి అతడేనా?

2002 వరకు సిరీస్ ఈ ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పలేదు. చుట్టూ ఉన్నవారిని మార్చకుండా కొనసాగింపు భావన కల్పించింది. ఆయుధాలు తయారుచేసే 'క్యూ' పాత్రలో డెస్మండ్ లెవెలిన్ 1963 నుంచి 1999 వరకు 17 సినిమాల్లో కనిపించారు. ఐదుగురు బాండ్‌లకు పరికరాలు అందించింది ఆయనే. 1969 సినిమాలో లేజన్‌బీ బాండ్ పెళ్లి చేసుకున్న ట్రేసీ హత్యకు గురవుతుంది. 1981లో 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' మొదట్లో ఆమె సమాధి దగ్గర పూలు ఉంచేది మూర్ బాండ్. నటుడు వేరైనా, భార్యను పోగొట్టుకున్న బాధ మాత్రం ఒకే పాత్రది.

2005: విజయం మధ్యలో మార్పు

బ్రాస్నన్‌ను 1986లోనే ఎంపిక చేశారు. అయితే 'రెమింగ్టన్ స్టీల్' టీవీ సిరీస్ ఒప్పందం అడ్డుపడటంతో అవకాశం డాల్టన్‌కు దక్కింది. డాల్టన్ రెండో సినిమా తర్వాత న్యాయవివాదాలతో సిరీస్ ఆరేళ్లు ఆగిపోయింది. 1995లో 'గోల్డెన్‌ఐ'తో బ్రాస్నన్ వచ్చారు. ఆయన చివరి సినిమా 'డై అనదర్ డే' (2002) అప్పటివరకు వచ్చిన బాండ్ సినిమాలన్నింటికంటే ఎక్కువ వసూలు చేసింది. అయినా కనిపించకుండా పోయే కారు లాంటి అతిశయోక్తులు విమర్శల పాలయ్యాయి. అదే ఏడాది వచ్చిన 'ది బోర్న్ ఐడెంటిటీ' గూఢచారి కథలకు వాస్తవిక ధోరణి తెచ్చింది. అంతకుముందే, 1999లో, ఫ్లెమింగ్ తొలి నవల 'క్యాసినో రాయల్' హక్కులు బాండ్ నిర్మాతలకు అందుబాటులోకి వచ్చాయి. గూఢచారిగా బాండ్ తొలి రోజులకు తిరిగి వెళ్లే అవకాశం దొరికింది. అందుకు తగిన నటుడు కావాల్సి వచ్చింది.

2005 అక్టోబరు 14న 37 ఏళ్ల క్రెయిగ్ పేరు ప్రకటించారు. జుట్టు రంగు మొదలుకొని, ఆ రోజు థేమ్స్ నదిలో పడవపై వస్తూ లైఫ్ జాకెట్ వేసుకోవడం వరకు బ్రిటన్ పత్రికలు వెక్కిరించాయి. సినిమాను బహిష్కరించాలంటూ వెబ్‌సైట్లు వెలిశాయి. మరుసటి ఏడాది 'క్యాసినో రాయల్' దాదాపు 60 కోట్ల డాలర్లు వసూలు చేసింది. బాండ్ పాత్రకు బాఫ్టా ఉత్తమ నటుడి నామినేషన్ పొందిన తొలి నటుడు క్రెయిగే. 2012లో వచ్చిన 'స్కైఫాల్' 100 కోట్ల డాలర్లు దాటింది.

నటుడి ఎంపిక ఒక్కటే ఈ ఫలితం తేలేదు. బ్రాస్నన్ తొలి సినిమా తీసిన మార్టిన్ క్యాంప్‌బెల్‌నే మళ్లీ దర్శకుడిగా పెట్టుకున్నారు. జూడీ డెంచ్‌ను 'ఎం'గా కొనసాగించారు. 'క్యూ', మనీపెన్నీ పాత్రలను పక్కనపెట్టారు. కథ, దర్శకుడు, నటుడు ఒకే దిశలో సాగారు.

మనకున్న సంబంధం

బాండ్ సినిమాల జోరులోనే 1966లో తెలుగులో 'గూఢచారి 116' వచ్చింది. దాంతో కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అనే పేరు స్థిరపడింది. 1983లో విడుదలైన 'ఆక్టోపస్సీ'ని ఉదయ్‌పుర్‌లో చిత్రీకరించారు. కబీర్ బేడీ, టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ అందులో నటించారు.

ఇప్పుడు నిర్ణయం ఎవరిది?

సాల్ట్‌జ్‌మన్ 1975లో తన వాటాను యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్మారు. ఆ సంస్థ 1981లో ఎంజీఎం చేతికి, ఎంజీఎం 2022లో అమెజాన్ చేతికి వెళ్లాయి. అయినా హీరో ఎవరన్నది బ్రోకలీ కుమార్తె బార్బరా, సవతి కుమారుడు మైకేల్ జి.విల్సన్ తేల్చాల్సిందే. 2025 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో ఆ అధికారం అమెజాన్ ఎంజీఎంకు దక్కింది. వారిద్దరూ హక్కుల్లో భాగస్వాములుగా మిగిలారు. ఆ ఏడాదే నిర్మాతలుగా ఏమీ పాస్కల్, డేవిడ్ హేమన్, దర్శకుడిగా డెనీ విల్నవ్, రచయితగా స్టీవెన్ నైట్ పేర్లు ఒక్కొక్కటిగా వెలువడ్డాయి.

అమెజాన్‌కు ఏటా కొత్త సినిమాలు, సిరీస్‌లు కావాలి. బాండ్ సినిమాల మధ్య విరామం మాత్రం రెండేళ్ల నుంచి ఆరేళ్ల వరకు పెరుగుతూ వచ్చింది. 2005లో జనం వద్దన్న నటుడికి నిర్మాతలు అండగా నిలిచారు. అలా నిలబడటానికి, కథ కుదిరే వరకు ఆగడానికి వారికి స్వేచ్ఛ ఉండేది. కొత్త యాజమాన్యం కింద ఆ ఓపిక ఎంత మిగులుతుందన్నదే ఏడో బాండ్ భవిష్యత్తును తేల్చే అంశం.